పోయలేదు, పడింది

మా నాయన దాన్ని ఎప్పుడూ ఆసిడ్ అనేవాడు కాదు. ద్రావకం అనేవాడు. ప్రొద్దుటూరులో మా వీధిలో నగల పని చేసే పెద్దవాళ్ళందరిదీ అదే మాట. పొద్దున్నే పనిలో కూర్చునే ముందు, "ద్రావకం సీసా ఈడ పెట్టినా, ఎవురూ తాకొద్దండి" అని ఇంట్లోకి వినబడేలా ఒకసారి చెప్పడం ఆయన అలవాటు. ఇంట్లో ఉండేది అమ్మ, నేను. మేమిద్దరమే అయినా ఊరందరికీ చెప్తున్నట్టు గట్టిగా చెప్పేవాడు.

మా ఇంటి ముందుగదే నాయన పనిచేసే చోటు. కుంపటి, ఊదుగొట్టం, పొట్టి కాళ్ళ చెక్కబల్ల, దాని మీద నల్లటి గీటురాయి. ఎవరైనా పాత నగ తెస్తే దాన్ని రాయి మీద ఒకసారి గీసి, గాజు పుల్లతో ఆ గీత మీద ద్రావకం చుక్క పెట్టేవాడు. ఇత్తడి గీతయితే నురగలాగా పొంగి మాయమయ్యేది. బంగారు గీతయితే చెక్కుచెదరకుండా నిలబడేది. బడి నుంచి రాగానే నేను ఆయన పక్కన చేరి, గీత నిలుస్తుందా పోతుందా అని ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. నిలిస్తే నగ తెచ్చినవాళ్ళ కంటే నేనే ఎక్కువ సంబరపడేదాన్ని.

ఆయన వేళ్ళ కొసలు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. అమ్మ చేతులకు వంటింట్లో పసుపు అంటుకున్నట్టే నాయన చేతులకూ ఎక్కడో అంటుకుంటుందనుకునేదాన్ని. ద్రావకం తాకిన చర్మం ఆ రంగుకు తిరుగుతుందని నాకు తెలిసింది నా ఒంటి మీదనే.

అప్పుడు నేను నాలుగో తరగతి. ఎండలు ముదిరి ఒంటిపూట బళ్ళు నడుస్తున్నాయి. బళ్ళో పాటల పోటీలో నాకు స్టీలు గిన్నె బహుమానంగా ఇచ్చారు. దాన్ని చేత్తో పట్టుకుని వీధి పొడుగునా పరుగెత్తుకుంటూ వచ్చాను. ముందుగదిలో అమ్మ అప్పుడే తడిబట్టతో నేల తుడిచి లోపలికి పోయింది. నాయన పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి ద్రావకం వంచుకుంటున్నాడు. "నాయనా, ఇదో చూడు!" అంటూనే గడప దాటాను. తడి నేల మీద కాలు జారింది. బోర్లా పోయి ఆయన మోచేతి మీద పడ్డాను. పెద్ద సీసా ఆయన చేతిలోంచి ఎగిరి, నా ఎడమ భుజం మీద పడి, నేల మీద పగిలింది.

మొదట చల్లగా అనిపించింది. ఎవరో మెడ మీద నీళ్ళు చల్లినట్టు. తర్వాత ఎట్లా ఉండిందో చెప్పడానికి నాకు ఇప్పటికీ మాట దొరకదు. నా అరుపు నాకే వేరే ఎవరిదో అరుపులాగా వినబడింది.

నాయన నన్ను ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తాడు. అక్కడ సిమెంటు తొట్టి నిండా నీళ్ళున్నాయి. గౌను చించి పారేసి, నన్ను తొట్టి పక్కన కూర్చోబెట్టి, చెంబుతో ముంచి ముంచి పోయడం మొదలుపెట్టాడు. అమ్మ పెరుగు గిన్నె తెచ్చింది. పక్కింటామె ఉప్పు రాయమంది, ఇంకెవరో పసుపు అన్నారు. "ఏమీ పూయొద్దండి! నీళ్ళు! నీళ్ళు తోడండి!" అని నాయన అరిచాడు. తొట్టి అడుగుకు వచ్చినా ఆపలేదు. పక్కిళ్ళ వాళ్ళు బిందెలతో తెచ్చి ఇస్తుంటే పోస్తూనే ఉన్నాడు. ఆటో వచ్చాక కూడా నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఆసుపత్రి దాకా ఒక బిందె కాళ్ళ మధ్య పెట్టుకుని పోస్తూనే వచ్చాడట. అది నాకు గుర్తు లేదు. ఆ ఆటోవాలా ఆ తర్వాత చాలా ఏళ్ళు మా వీధిలో కనబడి, "ఆ పొద్దు నా బండి ఏరైపోయిందమ్మా" అని నాకు చెప్పేవాడు.

డాక్టరు కట్టు కడుతూ, "నీళ్ళు పోసి మంచి పని చేసినావప్పా. లేకుంటే మొగమూ పోయుండు, కన్నూ పోయుండు" అన్నాడట. అప్పుడు నాయన కుడిచేతి వైపు చూసి, "ఇదేంది, నీ చెయ్యి కూడా కాలిందే!" అన్నాడట. అప్పటిదాకా నాయనతో సహా ఎవరూ దాన్ని గమనించలేదని అమ్మ చెప్పేది.

ఎడమ చెవి కింద నుంచి మెడ పక్కగా, భుజం దాటి మోచేతి పైదాకా నాకు మచ్చ మిగిలింది. మైనం కరిగి గడ్డకట్టినట్టు ఉంటుంది. మానేటప్పుడు దురద భరించలేక గోకబోతే, నాయన నా పక్కన కూర్చుని రెండు చేతులూ పట్టుకునేవాడు. ఆ చేతులు ఆడకుండా ఉండాలని ఆయనకు తెలిసిన పాటలన్నీ నాతో పాడించేవాడు. నేను బాగా పాడతాననే ఆ గిన్నె ఇచ్చారు కదా. నేను పాడుతుంటే ఆయన తల పక్కకు తిప్పుకునేవాడు.

నేను లేచి తిరిగే వేళకు ముందుగది ఖాళీ అయింది. నాయన వీధి చివర ఒక చిన్న గది అద్దెకు తీసుకుని సామాను అంతా అక్కడికి చేర్చాడు. ఇంట్లో ఆ మాట కూడా లేకుండా పోయింది. ద్రావకం అనీ అనేవారు కాదు, ఆసిడ్ అనీ అనేవారు కాదు. స్నానాల గది కడిగే ఆసిడ్ అమ్మే మనిషి ఒకాయన సైకిల్ మీద వచ్చేవాడు. "ఆసిడ్, ఫినాయిల్!" అని ఆయన కేక. ఒకరోజు అమ్మ వాకిట్లోకి పోయి, "మా ఇంటికాడ ఆ మాట అరవొద్దప్పా, నీకు పున్నెముంటాది" అని చెప్పింది. ఆ తర్వాత మా ఇంటి ముందుకు వచ్చినప్పుడు "ఫినాయిల్!" అని మాత్రమే అరిచేవాడు. మా గోడ దాటాక మళ్ళీ రెండు మాటలూ కలిపేవాడు.

నేను పెద్దదాన్నవుతున్న కొద్దీ బయట ఆ మాటకు అర్థం మారిపోయింది. పేపర్లో, టీవీలో ఆసిడ్ అన్న మాట వస్తే అది ఎవడో ఒకడు ఎవరో ఒక ఆడపిల్ల మీద పోసిన వార్తే. చిన్నప్పుడు నా మెడ చూసి "ఏం పడిందమ్మా?" అని అడిగినవాళ్ళే, నేను కాలేజీకి వచ్చాక "ఎవరు పోసినారు?" అని అడగడం మొదలుపెట్టారు. మచ్చ మారలేదు. నా వయసు మారింది, అంతే.

డిగ్రీలో ఉండగా ఒకసారి స్నేహితురాలి ఇంటికని మైలవరం బస్సెక్కాను. నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. చేపలు అమ్ముకుని ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని తిరిగి పోతోంది. చాలాసేపు నా మెడ వైపు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏ పాపిష్టోడు పోసినాడు బిడ్డా?"

"ఎవరూ పోయలేదవ్వా. చిన్నప్పుడు పడింది."

"ఇంట్లోవాళ్ళు అట్ల చెప్పమన్నారేమో. నాకు చెప్తే ఏమైతాదిలే."

"నిజంగానే పడిందవ్వా."

ఆమె నమ్మలేదు. గంప పక్కన పెట్టి, గరుకు చేత్తో నా తల నిమిరి, లేని ఆ మనిషిని తిట్టడం మొదలుపెట్టింది. వాని చేతులు పడిపోవాలంది. వానికి కూడు పుట్టకూడదంది. బస్సులో ఉన్న ఆడవాళ్ళు ఒకరిద్దరు గొంతు కలిపారు. ఆ సీసా ఉండింది మా నాయన చేతిలో.

"తిట్టొద్దవ్వా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి గొంతు తగ్గించి, "ఇంకా వాని మీద ఆశ పెట్టుకోనుండావా తల్లీ?" అంది. దిగేటప్పుడు కొంగు ముడి విప్పి చప్పరించే పుల్లటి నిమ్మప్పు బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టి పోయింది.

బీఎడ్ అయిపోయాక నంద్యాల వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. నాయన ఆ వారమంతా వీధి చివర గదిలోనే ఉన్నాడు. భోజనానికి కూడా సరిగా రాలేదు. పెళ్ళిచూపుల రోజు పొద్దున ఒక ఎర్రగుడ్డ తెచ్చి నా ముందు విప్పాడు. అందులో వెడల్పాటి కంటె. మెడను పట్టుకుని ఉండేటట్టు, ఎడమవైపు కొంచెం ఎక్కువ వెడల్పుగా, చిలకలూ లతలూ చెక్కి చేశాడు. వెడల్పు ఎడమవైపే ఎందుకు ఎక్కువో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయనే కొక్కెం పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు. మెడ మీది మచ్చ దాదాపు కనబడలేదు.

వచ్చినవాళ్ళలో పెళ్ళికొడుకు తల్లి నా పక్కనే కూర్చుంది. మంచిగానే మాట్లాడింది. "కంటె శానా బాగుంది. మీ నాయన చేసిందేనా?" అని వేలితో దాని అంచు పట్టుకుని కొంచెం ఎత్తింది.

"ఇదేంది?"

అమ్మ తొందరపడి, "చిన్నప్పుడు కాలింది వదినా" అంది.

"కాలితే ఇట్ల ఉండదే. ఆసిడ్ కాదూ ఇది?"

మా ఇంట్లో ఆ మాట వినబడి ఎన్నో ఏళ్ళయింది. ఆమె మావైపు ఒక్కొక్కరినీ చూసి అడిగింది. "ఎవురు పోసినారు?"

"నేనే పోసినా" అన్నాడు నాయన.

కాఫీ గ్లాసులు అట్లాగే ఉన్నాయి. వాళ్ళు మర్యాదగానే లేచి వెళ్ళిపోయారు. సంబంధం తెచ్చినాయన తర్వాత ఫోన్ చేసి, "వాళ్ళు నమ్మలేదప్పా. ఆసిడ్ అంటే ఏదో కత ఉంటాది, బిడ్డ పేరు చెడకుండా తండ్రి తన మీద ఏసుకుంటాండాడు అంటాండారు" అన్నాడు.

నాకు వాళ్ళు వెళ్ళిపోయినందుకు బాధ కలగలేదు. నాయన అన్న మాటకు కలిగింది. కంటె తీసి ఆయన చేతిలో పెట్టి అడిగాను.

"పోసినా అంటావేంది నాయనా? పడింది అనాల."

"సీసా నా చేతిలో ఉన్నింది పాపా."

"జారింది నేను."

"నువ్వు చిన్నబిడ్డవి, జారతావు. అట్లాంటిదాన్ని పిల్లలు తిరిగే ఇంట్లో పెట్టుకున్నోణ్ణి నేను." కంటెను ఎర్రగుడ్డలో చుడుతూ ఇంకో మాట అన్నాడు. "పడింది అంటే ఎవురూ లేనట్టు ఉంటాది. నేను ఉంటి కదా ఆడ."

కంటె మళ్ళీ వేసుకోనని చెప్పాను.

తర్వాత నాకు జమ్మలమడుగు దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పాలి. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. పదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు పాఠం మొదలుపెట్టిన రోజు, "ఆమ్లం అంటే ఏంటి?" అని అడిగాను. వెనక బెంచీ నుంచి "ఆమ్లెట్టు మేడం!" అని జవాబు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటి నుంచి తెచ్చిన చింతపండు తలా ఒక రెబ్బ ఇచ్చి చప్పరించమన్నాను. నిమ్మకాయలో, పెరుగులో, మన కడుపులో కూడా అదే జాతి వస్తువు ఉందని చెప్పాను. మందారపూల నీళ్ళలో నిమ్మరసం పిండితే రంగు ఎర్రగా తిరగడం చూసి వాళ్ళు బెంచీలెక్కారు.

"దీన్నే ఇంగ్లీషులో ఆసిడ్ అంటారు" అన్నాను. గదిలో అల్లరి ఆగిపోయింది. అందరి కళ్ళూ నా మెడ మీదికి వచ్చాయి. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకతె మెల్లగా లేచింది.

"మేడం, మీకు పోసినోణ్ణి జైల్లో పెట్టినారా?"

పాఠం పక్కన పెట్టాను. గిన్నె బహుమానం దగ్గర నుంచి తొట్టిలో నీళ్ళు అయిపోయిందాకా అంతా చెప్పాను. అంతకుముందు ఎవరికీ అట్లా వరసగా చెప్పలేదు. అడిగేవాళ్ళకు ఒక్క మాట చెప్పి ఊరుకోవడమే నా అలవాటు. నేను ముగించాక ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది.

"అయితే మీ నాయన శానా ఏడ్సింటాడు మేడం" అంది.

అన్నేళ్ళలో నన్ను చూసి అయ్యో అన్నవాళ్ళు లెక్కలేనంతమంది. ఆయన కోసం ఒక మాట అన్నది ఆ పిల్ల ఒక్కతే. ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా వీధి చివర గదికి పోయాను. నాయన గొలుసు అతుకుతున్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. "ఏంది పాపా, ఒంట్లో బాగలేదా?" అని నుదురు తాకి చూశాడు.

మరుసటి ఏడాది వానలు మొదలయ్యాక బడి ఆవరణలో మొక్కలు నాటాలని హెడ్మాస్టరు పులివెందుల దగ్గర ఒక నర్సరీ నుంచి మొక్కలు తెప్పించారు. నర్సరీ యజమానే ట్రాలీ ఆటోలో తెచ్చాడు. నాకంటే కొంచెం పెద్దవాడు, ఎండకు కమిలిన మొహం, చేతులు మోచేతుల దాకా మట్టి. సైన్సు టీచరునని దింపించుకునే పని నాకు అప్పజెప్పారు. పిల్లలు వరసగా నిలబడితే అతను ఒక్కో మొక్కకు కట్టిన చీటీ పైకి చదివి వాళ్ళ చేతికిస్తున్నాడు. వేప, కానుగ, సీతాఫలం. తర్వాత ఒక ముళ్ళ మొక్క ఎత్తి, "ఆసిడ్ లైమ్" అని చదివాడు.

చేతులు చాచిన పిల్ల చటుక్కున వెనక్కి లాక్కుంది. "మేడం, ఆసిడ్ చెట్టంట!" అని ఎవరో అరిచారు. వరస మొత్తం రెండడుగులు వెనక్కి పోయి నావైపు చూసింది. అతను ముందు వాళ్ళను చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత నా మెడను చూశాడు. మొహం నల్లబడింది. మొక్క కింద పెట్టి, ఒక ఆకు తుంచి నలిపి ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టాడు.

"వాసన చూడు. ఏంది ఇది?"

"నిమ్మకాయ!"

"అంతే. నిమ్మచెట్టే. మా తోటల కాగితాల్లో దాని పేరు అట్ల రాస్తారు. చీనీచెట్టును స్వీట్ ఆరెంజ్ అంటారు, దీన్ని ఆసిడ్ లైమ్ అంటారు. పులుపు కదా, అందుకు."

పిల్లలు ఎగబడి ఆకులు తుంచబోతే అరిచి ఆపాడు. అందరూ గుంతల దగ్గరికి పోయాక నా దగ్గరికి వచ్చి, "ఆ మాట అంత గట్టిగా చదవకుండా ఉండాల్సింది మేడం" అన్నాడు.

"నిమ్మచెట్టుకు ఆ పేరు పెట్టింది మీరు కాదు కదా" అన్నాను. అని, నాకే తెలియకుండా నవ్వాను. ఆ మాట పక్కన నేను నవ్వడం నాకు కొత్త.

అతను మొక్కలు బతికాయా లేదా చూడాలని మళ్ళీ వచ్చాడు. పులివెందుల నుంచి జమ్మలమడుగుకు మొక్కలు చూడ్డానికి పనిగట్టుకుని వచ్చే నర్సరీవాళ్ళు ఉండరని హెడ్మాస్టరుకు ముందే అర్థమైంది, నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. వాళ్ళదీ ఒకప్పుడు నగల పని చేసిన ఇల్లే. తాతల నాడే పని వదిలేసి తోటల్లోకి దిగారు. అతను వచ్చిన ప్రతిసారీ నీళ్ళు ఎట్లా పెట్టాలో, చీడ ఎట్లా పడుతుందో చెప్పేవాడు. నా మచ్చ గురించి మాత్రం అడగలేదు. చివరకు ఒకరోజు కానుగ మొక్క దగ్గర నిలబడి నేనే చెప్పాను. పూర్తిగా విన్నాడు.

"తొట్టి పెద్దదేనా?" అన్నాడు.

"ఏ తొట్టి?"

"మీ పెరట్లోది. ఆ నీళ్ళన్నీ మీ నాయనే పోసినాడా?"

అందరూ సీసా గురించి అడుగుతారు. అతను తొట్టి గురించి అడిగాడు. "పోసినాడు" అన్నాను. ఆ మాటను అటువైపు నుంచి నేను ఎప్పుడూ అనుకోలేదు.

కొన్నాళ్ళకు అతను వాళ్ళమ్మను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు వచ్చాడు. గంపెడు చీనీకాయలు తెచ్చారు. నేను మామూలు చీరలో, మెడలో సన్నటి గొలుసుతో వచ్చి కూర్చున్నాను. నాయన ఆ గొలుసు వైపు, మచ్చ వైపు చూసి తల దించుకున్నాడు. కాఫీలు ఇచ్చాక ఆయనే గొంతు సవరించుకున్నాడు. ఈసారి వాళ్ళు అడిగేదాకా ఆగదలచుకోలేదు.

"ఒక మాట ముందే చెప్తాండా. పాప మెడ చూసినారు కదా. అది నేనే పోసినా."

అతను కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"మేడం అంతా చెప్పింది మామా. ఆసిడ్ పడిందంట. నీళ్ళు మీరు పోసినారంట. తొట్టి ఖాళీ అయ్యేదాకా."

మా వైపు వయసులో పెద్దవాళ్ళను మామా అనడం మామూలే. కానీ ఆ గదిలో ఆ పిలుపు వేరేగా వినబడింది. నాయన కుడిచేయి తిప్పి, మణికట్టు మీదున్న పాత మచ్చను చూసుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను పాటలు పాడినప్పుడు తల తిప్పుకున్నట్టు ఈసారి తిప్పుకోలేదు, అందరి ముందే ఏడ్చాడు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన నిలబడింది. అతని తల్లి లేచి వచ్చి నా పక్కన కూర్చుని, "ఊరుకో అన్నా, బిడ్డ బంగారంలా ఉంది కదా" అని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మచ్చ మీదే పడింది. అది గమనించినట్టు కూడా ఆమె ఉండలేదు.

పెళ్ళి బ్రహ్మంగారిమఠంలో, దగ్గరివాళ్ళ మధ్య జరిగింది. మూడురోజుల ముందు నాయన నాకు రెండు గాజులు తెచ్చిచ్చాడు. వాటి మీద చిలకలు చూసి గుర్తుపట్టాను. కంటెను కరిగించి చేశాడు. "మెడకు ఏం వద్దులే. బాగుంది" అన్నాడు.

ఇప్పుడు మేం పులివెందులలో ఉంటున్నాం. నేను ఇక్కడి బడికే బదిలీ చేయించుకున్నాను. నాయనకు చూపు మందగించి సన్నపని మానేశాక, అమ్మా ఆయనా తరచుగా వచ్చి నెలల తరబడి మా దగ్గరే ఉంటారు. పోయిన వేసవిలో ఆయనకు ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు పట్టుకున్నాయి. నాకు భయమేసి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆమె అన్నీ చూసి, గుండెకేం కాలేదు, కడుపులో ఆసిడ్ ఎక్కువైందని చెప్పి మాత్రలు రాసింది. పులుపూ కారమూ తగ్గించమంది.

ఇంటికి వచ్చాక అమ్మ, "ఏమన్నింది డాక్టరమ్మ?" అని అడిగింది. నేను నోరు తెరిచే లోపలే నాయన మంచం మీద కూర్చుంటూ చెప్పాడు.

"ఆసిడ్ అంట మే. కడుపు నిండా ఆసిడ్డేనంట."

అమ్మ నావైపు చూసింది. ఆయన నోట ఆ మాట మేమిద్దరం వినడం అదే మొదలు. ఆయన ఏమీ జరగనట్టు చెప్పులు విడిచి, "అంతమాత్రానికి నిమ్మకాయ ఊరిబిండి తినొద్దంటే ఎట్ల? అల్లుని తోటలో అంత కాపు కాస్తాంటే?" అని గొణిగాడు. అమ్మ ముందు నవ్వింది, తర్వాత తిట్టింది. ఊరగాయ జాడీని మాత్రం ఆయనకు అందని అటక మీదికి ఎక్కించింది.

మాత్రలతో మంట తగ్గింది. ఊరికే కూర్చోవడం చేతకాక నాయన నర్సరీలో చీనీ అంట్లు కట్టడం నేర్చుకున్నాడు. కొమ్మ మీద చిన్న గాటు పెట్టి, మొగ్గ ఉన్న బెరడు ముక్కను అందులో ఇమిడ్చి, పలచటి ప్లాస్టిక్ పట్టీతో చుట్టాలి. కళ్ళద్దాలు ముక్కు కొసకు దించుకుని, వేళ్ళతోనే తడిమి కడతాడు. పట్టీ వదులుగా కట్టిన కూలీలతో తగాదా పెట్టుకుంటాడు. మావారు ఇద్దరికీ సర్దిచెప్పలేక నన్ను పిలుస్తారు.

నిన్న సాయంత్రం ఎండ తగ్గాక టీ పెట్టి తోటలోకి పోయి పిలిచాను. "చల్లారిపోతాది నాయనా, రా."

"వస్తాండా పాపా. ఈ ఒక్క మొక్క కట్టి వస్తాండా" అన్నాడు, తల ఎత్తకుండానే.

అది కట్టి, పక్కదాన్ని దగ్గరికి లాక్కున్నాడు.